ప్లేటులో కండ కదిలిన రోజులు

టెన్ టీ హాఫ్ కణాలు పెంచినవాళ్లకు వాటి క్రమశిక్షణ గుర్తుండే ఉంటుంది. ఎలుక పిండం నుంచి తీసిన ఈ కణాల్ని 1973లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో చార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం సిద్ధం చేసింది. కణాలు పెంచే ప్లేటు అడుగంతా పరుచుకునేదాకా పెరుగుతాయి, పక్క కణం తగలగానే ఆగిపోతాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కవు. ఆ బుద్ధిమంతులతనం వల్లే వాటిని క్యాన్సర్ పరీక్షకు వాడేవారు. ఒక రసాయనం పోసి 24 గంటలు ఉంచడం, కడిగెయ్యడం, తర్వాత ఆరు వారాల పాటు మీడియం, అంటే కణాలకు తిండి అందించే ద్రవం, మారుస్తూ కాచుకుని కూర్చోవడం. చెడిపోయిన కణాలు ఉంటే గుట్టలుగా పోగుపడతాయి. గీమ్సా రంగు వేసి గుట్టలు లెక్కపెట్టడమే పరీక్ష.

పీటర్ జోన్స్ కథ ఆ ప్లేట్లలోనే మొదలైంది. రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) పెరిగి, 1973లో లండన్ యూనివర్సిటీ డాక్టరేట్ తీసుకుని, లాస్ ఏంజెలిస్‌లో క్యాన్సర్ మందుల్ని ఈ కణాల మీద పరీక్షించే పనిలో చేరారు. రోగం తగ్గించడానికి ఇచ్చే మందులే కొత్త క్యాన్సర్ తెస్తాయా అన్నది ఆ పరీక్షల ప్రశ్న. వాటిలో ఒకటి 5-అజాసైటిడిన్. 1964లో ప్రేగ్‌లో పిస్కాలా, షోర్మ్ తయారు చేసిన మందు. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాల్ని చంపుతుందని పేరు.

ఆ ప్లేట్లలో గుట్టలు కాదు, వేరే ఏదో కనిపించింది. పొడుగ్గా సాగి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒక్కోదానిలో బోలెడు కేంద్రకాలున్న పెద్ద కణాలు. మైక్రోస్కోప్ కింద పెడితే కొన్ని టక్కుటక్కుమని ముడుచుకుంటున్నాయి. అది కండరం. కండరం కావాల్సిన అవసరమే లేని కణాలు కండరమై కూర్చున్నాయి. కాన్‌స్టాంటినిడిస్, జోన్స్, గెవర్స్ దీన్ని 1977లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. దక్షిణాఫ్రికాలో స్టెల్లెన్‌బాష్ యూనివర్సిటీ వైద్య విభాగం నుంచి వెళ్లిన పేపరు అది. తర్వాత లాస్ ఏంజెలిస్‌లో షిర్లీ టేలర్‌తో కలిసి 1979లో చూపించింది ఇంకా వింత. అవే కణాలు, అదే మందు, కానీ కండరంతో పాటు కొవ్వు కణాలూ, మృదులాస్థి కణాలూ వచ్చాయి.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఈ ప్రయోగం చదివినంత తేలిక కాదు. మందు మోతాదు 3 మైక్రోమోలార్ దగ్గర బాగా పనిచేసేది. బాగా పెంచితే కణాలు చచ్చేవి, బాగా తగ్గిస్తే ఏమీ జరిగేది కాదు. అజాసైటిడిన్ పొడిగా ఉన్నంతసేపు నిక్షేపంగా ఉంటుంది, నీళ్లలో కలిపిన క్షణం నుంచి విరిగిపోవడం మొదలెడుతుంది. నిన్న కలిపి ఇన్‌క్యుబేటర్ పక్కన వదిలేసిన సీసాలోంచి ఇవాళ పోస్తే, పోసింది మందే అనుకుంటాం గానీ సగం చెత్త. అందుకే అప్పటికప్పుడు కలపడం, లేదా చిన్న చిన్న భాగాలుగా గడ్డకట్టించి ఒక్కోటి ఒక్కసారే వాడటం. రెండో తప్పు, ప్లేటు నిండిపోయాక మందు వెయ్యడం. ఈ మందు డీఎన్‌ఏ రాసుకుంటున్న కణంలోకే చొరబడుతుంది. నిండిన ప్లేటులో కణాలు విభజన ఆపేసి ఉంటాయి, మందు పక్కనుంచి పోతుంది. మూడోది తొందర. మందు తీసేసిన మర్నాడు చూస్తే ఏమీ ఉండదు. విభజనలు జరగాలి, ప్లేటు నిండాలి, అప్పుడు కండ తేలుతుంది. ఇన్ని రోజులు మీడియం మార్చే ఓపిక లేనివాళ్లకు ఈ ఆవిష్కరణ దక్కేది కాదని నా గట్టి నమ్మకం.

అసలు ఏం జరిగింది? తెలుగు చదివేవాళ్లకు దీన్ని పొల్లుతో చెబితే చటుక్కున అందుతుంది. ‘క’ రాసి మీద పొల్లు పెడితే ‘క్’. అక్షరం మారలేదు, గొంతు ఆగింది. డీఎన్‌ఏ నాలుగక్షరాల్లో సైటోసిన్ మీద మిథైల్ అనే చిన్న గుంపు కూర్చోవడం అలాంటిదే. సీ పక్కన జీ ఉన్న చోట, అంటే సీపీజీ అనే జంటలో, ఆ పొల్లు పడుతుంది. జీన్ మొదట్లో ఉండే సీపీజీల గుంపుకు పొల్లులు పడితే ఆ జీన్ నోరు మూస్తుంది. కణం రెండైనప్పుడు డీఎన్‌ఎంటీ1 అనే ఎంజైమ్ డీఎన్‌ఏ రెండు పోగుల్లో పాత పోగు చూసి కొత్త పోగు మీద అదే చోట పొల్లు పెడుతుంది. అలా మౌనం కూడా వారసత్వంగా నడుస్తుంది. 1975లో ఆర్థర్ రిగ్స్ ఒకవైపు, హాలిడే, ప్యూ మరోవైపు ఈ ఊహ చేశారు. అప్పటికది కాగితం మీది ఊహే.

అజాసైటిడిన్ నకిలీ సైటోసిన్. ఐదో స్థానంలో కార్బన్ ఉండాల్సిన చోట నైట్రోజన్ ఉంటుంది, అంతే తేడా. కణం తెలియక దాన్ని కొత్త పోగులో కూర్చేస్తుంది. పొల్లు పెట్టడానికి వచ్చిన ఎంజైమ్ పక్కనున్న ఆరో కార్బన్‌ను పట్టుకుంటుంది. మామూలు సైటోసిన్ అయితే ఐదో చోట మిథైల్ పెట్టి, అక్కడి హైడ్రోజన్ ఊడగానే తనూ వదులుకుని ముందుకు సాగుతుంది. ఇక్కడ నైట్రోజన్ మీద ఊడటానికి ఏమీ లేదు. ఎంజైమ్ అక్కడే అతుక్కుపోతుంది. కణంలో ఎంజైమ్ కరువవుతుంది, కొత్త పోగులు పొల్లు లేకుండా తయారవుతాయి. ఒక విభజనలో సగం, మరో విభజనలో ఇంకొంచెం, మూసిన నోళ్లు తెరుచుకుంటాయి. విభజనల దాకా ఆగాల్సి రావడానికి కారణం ఇదే.

నకిలీ అణువుతో ఎంజైమ్‌ను బోల్తా కొట్టించే విద్యలో మన భీమవరం మనిషి ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో ఫోలిక్ ఆమ్లానికి (ఫోలేట్‌కు) చేసిన నకిలీలే 1940ల చివర్లో ల్యుకేమియా పిల్లలకు మొదటి ఊరట. మిథైల్ గుంపులు తయారయ్యే దారి కూడా ఆ ఫోలేట్ మీదుగానే వెళ్తుంది. ఈ రెండు కథలూ ఒకే వంటింట్లో జరిగినవని విద్యార్థులకు చెబుతుంటే వాళ్ల ముఖాలు వెలగడం చూడాలి.

1980లో ‘సెల్’ పత్రికలో వచ్చిన జోన్స్, టేలర్ పేపరును ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఇప్పటికీ చదవాలి. వాళ్లు ఒక్క మందుతో ఆగలేదు. సైటోసిన్ నకిలీల్ని వరసగా పెట్టి చూశారు. ఐదో స్థానంలో మార్పున్నవి కండరాన్ని తెచ్చాయి, పొల్లులనూ ఆపాయి. ఆరో స్థానంలో మార్పున్న 6-అజాసైటిడిన్ తేలేదు. చక్కెర భాగంలో మాత్రమే తేడా ఉన్న సైటారబిన్, అదీ గొప్ప ల్యుకేమియా మందే, అదీ తేలేదు. అంటే కండరం రావడం విషప్రభావం కాదు, పొల్లు పోవడం వల్ల వచ్చిందే. ఎంత పొందికైన కంట్రోలో చూడండి. ఏడేళ్ల తర్వాత, 1987లో, సియాటిల్‌లో వైన్‌ట్రాబ్ బృందం ఈ మందుతో మారిన టెన్ టీ హాఫ్ కణాల నుంచే మయోడీ అనే జీన్‌ను పట్టుకుంది. ఆ ఒక్క జీన్ పలికితే చాలు, కణం కండర దారి పడుతుంది.

ఆ కాలంలో పొల్లును చూడటానికి ఉన్న దారి రెండు ఎంజైములు, ఒక ఫిల్మ్. హెచ్‌పా టూ, ఎంఎస్‌పీ వన్ రెండూ సీసీజీజీ అన్న చోటే కోస్తాయి. లోపలి సీ మీద పొల్లుంటే హెచ్‌పా టూ కొయ్యలేదు, ఎంఎస్‌పీ వన్‌కు పట్టింపు లేదు. రెండు గొట్టాల్లో పది పది మైక్రోగ్రాముల డీఎన్‌ఏ, రాత్రంతా 37 డిగ్రీల్లో, మర్నాడు అగరోజ్ జెల్, ఆ రాత్రి పొర మీదికి బ్లాటింగ్, ఆపైన రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 తగిలించిన ప్రోబ్, అంటే కావాల్సిన జీన్‌ను వెతికి పట్టే డీఎన్‌ఏ ముక్క. కడిగిన పొరను ఫిల్మ్‌తో కలిపి క్యాసెట్‌లో పెట్టి మైనస్ 70లో దాచేవారు. మూడు రోజులకు తీసి చూస్తే బ్యాండ్ మసక, ఇంకో ఫిల్మ్ పెట్టి వారం. డార్క్‌రూమ్ ఎర్రదీపం కింద డెవలపర్‌లో ఫిల్మ్ ఊపుతుంటే, తెల్లని దాని మీద నల్ల గీత మెల్లగా తేలే ఆ అర నిమిషం ఈ తరం పిల్లలకు లేదు.

దీన్లోనూ పెద్ద గొయ్యి ఒకటుంది. డీఎన్‌ఏలో ఫినాల్ మిగిలినా, ఉప్పు ఎక్కువైనా హెచ్‌పా టూ సరిగ్గా కొయ్యదు. కొయ్యని డీఎన్‌ఏ, పొల్లున్న డీఎన్‌ఏ ఫిల్మ్ మీద ఒక్కలాగే కనిపిస్తాయి. ఎంఎస్‌పీ వన్ వరస పక్కన లేని బ్లాట్‌ను నమ్మకూడదు అని పెద్దలు అనేది అందుకే. ఆ వరస కూడా పైనే మిగిలి ఉంటే డీఎన్‌ఏ మురికి, మళ్లీ శుద్ధి చెయ్యాల్సిందే.

1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ ఈ ఎంజైములతోనే పెద్దపేగు కణితిని పక్కనే ఉన్న మామూలు కణజాలంతో పోల్చి, కణితిలో పొల్లులు తగ్గాయని చూపించారు. తర్వాతి ఏళ్లలో దీనికి వ్యతిరేకంగా కనిపించే సంగతి బయటపడింది. మొత్తం మీద తగ్గినా, క్యాన్సర్‌ను ఆపే కొన్ని జీన్ల మొదట్లో మాత్రం పొల్లులు కొత్తగా పడుతున్నాయి. అప్పట్లో చాలామంది దీన్ని తోసేశారు. జీన్ ఎలాగూ మూగబోయాక పడిన దుమ్ము ఇది, కారణం కాదు అన్నారు. ఆ అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు చెప్పడానికే జోన్స్ లాస్ ఏంజెలిస్‌లో, స్టీఫెన్ బేలిన్ బాల్టిమోర్‌లో ఏళ్ల తరబడి కూర్చున్నారు.

జోన్స్ ల్యాబ్ 1990లో ‘సైన్స్’ పత్రికలో వేసిన పేపరు ఇంకో తలుపు తెరిచింది. పొల్లున్న సైటోసిన్ అప్పుడప్పుడూ అమైన్ గుంపు ఊడిపోయి థైమిన్ అవుతుంది. పొల్లు లేని సైటోసిన్‌కు అలా జరిగితే యురాసిల్ వస్తుంది. డీఎన్‌ఏలో యురాసిల్ పరాయిది, మరమ్మతు ఎంజైమ్ వెంటనే పట్టి తీసేస్తుంది. థైమిన్ సొంత అక్షరమే కాబట్టి దొంగను గుర్తుపట్టడం కష్టం. క్యాన్సర్‌ను ఆపే పీ53 జీన్‌లో 175, 248, 273 కోడాన్‌లు (మూడక్షరాల మాటలు) మళ్లీ మళ్లీ చెడిపోవడం వెనక ఉన్నది సీపీజీ జంటలే. అంటే పొల్లు జీన్ నోరు మూయడమే కాదు, అక్షరాన్నే మార్చేయగలదు.

మూత్రాశయ క్యాన్సర్ జోన్స్‌కు దశాబ్దాల తోడు. ఆ కణితి నుంచి తీసి పెంచిన టీ24 అనే కణాల వరస అందులో ముఖ్యం. 1982లో ఈ టీ24 డీఎన్‌ఏలోనే ఒక్క అక్షరం తప్పుతో రాస్ జీన్ క్యాన్సర్ జీన్‌గా మారిందని చూపినవాళ్లలో, ఉస్మానియాలో డాక్టరేట్ చేసిన మన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు ఉన్నారు. అదే టీ24లో పీ16 అనే అడ్డుకట్ట జీన్ అక్షరం తప్పు లేకుండా, పొల్లులతో మూసుకుని ఉంటుంది. ఒకే కణంలో రెండు రకాల చెడూ. దానికి డెసిటబిన్, అంటే అజాసైటిడిన్ డీఆక్సీ రూపం, 24 గంటలు ఇచ్చి తీసేస్తే పీ16 మళ్లీ పలుకుతుంది, కణాల పెరుగుదల మందగిస్తుంది. దుమ్ము మాత్రమే అయితే తుడిస్తే పెరుగుదల ఎందుకు మారుతుంది? అయితే కణాలు విభజిస్తూ పోతే పొల్లులు మెల్లగా తిరిగొస్తాయి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, వార్డులో పనికొస్తుంది.

బ్లాట్ల కాలం 1992లో సిడ్నీ నుంచి మరియాన్ ఫ్రొమ్మర్ బృందం చెప్పిన బైసల్ఫైట్ పద్ధతితో ముగియడం మొదలైంది. సోడియం బైసల్ఫైట్ పొల్లు లేని సైటోసిన్‌లన్నిటినీ యురాసిల్ చేస్తుంది, పొల్లున్నవాటి జోలికి మెల్లగా తప్ప పోదు. తర్వాత సీక్వెన్స్ చదివితే ఎక్కడ సీ మిగిలిందో అక్కడ పొల్లున్నట్టు. 1996లో హెర్మన్, బేలిన్ దీన్ని డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్‌కు కలిపాక ప్రతి క్యాన్సర్ ల్యాబ్‌లోకీ వచ్చేసింది. ఆ నోట్‌బుక్ పేజీ చాలామందికి కంఠతా వచ్చు. ఒక మైక్రోగ్రామ్ డీఎన్‌ఏ, 50 మైక్రోలీటర్లలో. సోడియం హైడ్రాక్సైడ్ 0.2 మోలార్ అయ్యేలా కలిపి 37 డిగ్రీల్లో పది నిమిషాలు. 10 మిల్లీమోలార్ హైడ్రోక్వినోన్ 30 మైక్రోలీటర్లు, పీహెచ్ 5కు తెచ్చిన 3 మోలార్ బైసల్ఫైట్ 520 మైక్రోలీటర్లు, రెండూ అప్పటికప్పుడు చేసినవే. పైన మినరల్ ఆయిల్ పొర, 50 డిగ్రీల్లో 16 గంటలు. రెసిన్‌తో శుద్ధి, మళ్లీ హైడ్రాక్సైడ్ 0.3 మోలార్‌లో ఐదు నిమిషాలు, ఇథనాల్‌తో తేర్చడం.

ప్రతి అడుగుకూ ఒక కారణం, ఒక ప్రమాదం ఉన్నాయి. బైసల్ఫైట్ ఒంటిపోగు డీఎన్‌ఏ మీదే పనిచేస్తుంది. మొదటి హైడ్రాక్సైడ్ బలహీనమైతే రెండు పోగులు విడిపోవు, మారని సీలన్నీ పొల్లులుగా కనిపిస్తాయి. ఆ ఒక్క తప్పు లేని పొల్లులను ఉన్నట్టు చూపిస్తుంది. హైడ్రోక్వినోన్, నూనె పొర ఎందుకంటే బైసల్ఫైట్ గాలి తగిలి పాడవకుండా. రాత్రి 16 గంటలు చాలవేమోనని ఉదయం దాకా, మధ్యాహ్నం దాకా వదిలేస్తే డీఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోయి పొడుగు ముక్క పీసీఆర్‌లో రానే రాదు. చివరి హైడ్రాక్సైడ్ మరిచిపోతే సల్ఫోనేట్ అంటుకుని ఉండి పీసీఆర్ ఎంజైమ్ కదలదు. అన్నిటికన్నా పైన ఒక సరిచూపు ఉంది. సీ పక్కన జీ లేని చోట్ల కూడా సీలు మిగిలాయంటే ఆ గొట్టం ఫలితం పారెయ్యాలి, ఎంత అందంగా ఉన్నా సరే. ఇప్పుడు కిట్‌తో కొన్ని గంటల్లో అయిపోతోంది గానీ, ఈ చివరి సరిచూపు మాత్రం కిట్ చెయ్యదు.

ఈలోగా మందు కథ వేరే దారిలో నడుస్తూ ఉంది. 1970ల్లో అజాసైటిడిన్‌ను కణాల్ని చంపడానికి, భరించగలిగినంత ఎక్కువగా ఇచ్చారు. వాంతులు, రక్తకణాలు పడిపోవడం. ప్లేటు చెప్పింది వేరు, తక్కువ వేసి విభజనల దాకా ఆగమని. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్‌లో లూయిస్ సిల్వర్‌మన్, జేమ్స్ హాలండ్ లాంటివాళ్లు ఎముక మజ్జ సరిగ్గా పండని ఎండీఎస్ అనే జబ్బులో ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాములు, రోజూ చొప్పున ఏడు రోజులు పట్టుకుని కూర్చున్నారు. 191 మంది మీద చేసిన మూడో దశ పరీక్ష 2002లో ప్రచురితమైంది. 2004 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ప్రేగ్ సీసా నుంచి నలభై ఏళ్లు, కండ కదిలిన ప్లేటు పేపరు నుంచి ఇరవై ఏడేళ్లు. 2009లో వచ్చిన 358 మంది పరీక్షలో, తీవ్రమైన ఎండీఎస్ ఉన్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు మామూలు చికిత్సతో 15 నెలలైతే దీనితో 24.5 నెలలు. 2013లో హైదరాబాద్‌ డాక్టర్ రెడ్డీస్ దీని జెనెరిక్‌ను అమెరికా మార్కెట్లోకి తెచ్చింది.

జోన్స్ 1993 నుంచి 2011 దాకా లాస్ ఏంజెలిస్‌లోని యూఎస్‌సీ నోరిస్ క్యాన్సర్ సెంటర్‌ను నడిపారు, తర్వాత మిషిగన్‌లోని వాన్ ఆండెల్ సంస్థకు వెళ్లారు. ఆ వయసులోనూ ప్రశ్న ఆగలేదు. 2015లో టొరంటో, బాల్టిమోర్ బృందాలు చూపినది పాత లెక్కను తిరగరాసింది. పొల్లులు పోయినప్పుడు అడ్డుకట్ట జీన్లే కాదు, మన జీనోమ్‌లో ఎప్పటినుంచో పడుకున్న రెట్రోవైరస్ అవశేషాలు కూడా పలుకుతాయి. వాటి జంటపోగు ఆర్‌ఎన్‌ఏను చూసి కణం వైరస్ సోకిందనుకుని ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ ప్రోటీన్ల అలారం మోగిస్తుంది. మరుసటి ఏడాది జోన్స్ బృందం విటమిన్ సీ కలిపితే ఆ అలారం పెరుగుతుందని ప్లేట్లలో చూపింది. పొల్లు తుడిచే టెట్ ఎంజైములకు విటమిన్ సీ తోడు కావాలి కాబట్టి. ప్లేటులో కనిపించినంత మాత్రాన రోగులు సొంతంగా మాత్రలు మింగకూడదు.

డే కేర్ వార్డులో ఈ మందు కలిపేవాళ్లను చూస్తే ఆ పాత ప్లేట్ల జాగ్రత్తలే మళ్లీ కనిపిస్తాయి. వయల్‌లో 100 మిల్లీగ్రాముల తెల్ల పొడి. చర్మం కింద ఇవ్వడానికి 4 మి.లీ. స్టెరైల్ వాటర్ పోస్తే మి.లీ.కి 25 మిల్లీగ్రాములు. పూర్తిగా కరగదు, మజ్జిగలా తెల్లగా ఉంటుంది, ఉండాల్సిందీ అలాగే. స్పష్టంగా కావాలని ఫిల్టర్ చేస్తే మందే పోతుంది. ఒంటి ఉపరితలం 1.6 చదరపు మీటర్లున్న మనిషికి 120 మిల్లీగ్రాములు, అంటే 4.8 మి.లీ. నాలుగు దాటింది కాబట్టి రెండు సిరంజీలు, రెండు వేరు వేరు చోట్ల, పాత చోటికి కనీసం అంగుళం దూరంలో. గది ఉష్ణోగ్రతలో ఉంచితే గంటలోపు ఇచ్చెయ్యాలి. నరంలోకి ఇస్తే సెలైన్‌లో కానీ రింగర్ లాక్టేట్‌లో కానీ, ఐదు శాతం డెక్స్‌ట్రోస్‌లో కలపకూడదు, విరిగిపోతుంది.

మొదటి రెండు కోర్సుల్లో రక్తకణాలు ఇంకా పడిపోతాయి. ఇంట్లోవాళ్లు మందు ఎక్కలేదనుకుని మానేద్దామంటారు. ఎక్కువసార్లు జరిగే తప్పు అదే. 28 రోజులకొకటి చొప్పున కనీసం నాలుగు నుంచి ఆరు కోర్సులు చూడాలి, ఎందుకంటే విభజనలు జరగాలి. పనిచేస్తుంటే ఆపకూడదు, ఎందుకంటే పొల్లులు తిరిగొస్తాయి. ఇంజెక్షన్ ఇచ్చే ముందు నర్సు సిరంజీని రెండు మూడు సార్లు తలకిందులు చేసి, రెండు అరచేతుల మధ్య పెట్టి ముప్పై సెకన్లు గట్టిగా దొర్లిస్తుంది. అడుగున పేరుకున్న తెలుపంతా పైకి లేచి సమంగా కలిసేదాకా.